ముందు అంచనా, తర్వాతే అంకె

చెమట పడితే కష్టపడ్డామనుకుంటాం. మే నెలలో విజయవాడలో కుర్చీలో కూర్చున్నా చెమట పడుతుంది. ఒళ్లు నొప్పులు పుడితే కండ పెరుగుతోందనుకుంటాం. పెళ్లింట్లో రోజంతా బిందెలు మోసినవాళ్లకూ మర్నాడు ఒళ్లు నొప్పులే. ఆయాసం, మూలుగు, ఉబ్బిన నరాలు... మనం పని చెప్పాలనుకున్న కండరం నిజంగా పనిచేసిందో లేదో వీటిలో ఏదీ చెప్పదు.

మరి ఎలా తెలుస్తుంది? "మీకే తెలుస్తుంది లెండి" అంటారు జిమ్‌లో ట్రైనర్లు. తెలియదు. ఈ మాట గట్టిగానే అంటున్నాను, ఎందుకంటే దీన్ని పరీక్షించి చూసినవాళ్లున్నారు. బల్ల మీద పడుకుని బార్ ఎత్తే బెంచ్ ప్రెస్‌లో పది రెప్స్, అంటే వరసగా పదిసార్లు ఎత్తి దించడం, చేయడానికి మీరు మామూలుగా ఎంత బరువు పెట్టుకుంటారని బ్రెజిల్ పరిశోధకులు 160 మంది మగవాళ్లను అడిగారు. అందరూ బరువులెత్తే అలవాటున్నవాళ్లే. వాళ్లు చెప్పిన బరువే బార్‌కు తగిలించి, ఇక లేవదు అనేదాకా ఎత్తమన్నారు. సగటున 16 రెప్స్ చేశారు. 19, అంతకంటే ఎక్కువ చేసినవాళ్లూ తక్కువేం లేరు.

అంటే రోజూ పదో రెప్ దగ్గర బార్ దించేసి, సెట్ బాగా చేశామన్న తృప్తితో నీళ్ల సీసా అందుకునేవాళ్లలో ఇంకో ఆరు రెప్స్‌కు సరిపడా బలం మిగిలే ఉంది. వాళ్లు బద్ధకస్తులు కారు. వారానికి నాలుగైదు రోజులు జిమ్‌కు వెళ్లేవాణ్ని బద్ధకస్తుడని ఎవరంటారు? తన శ్రమ ఎంతో తనకు తెలియదు, అంతే. ఉద్యోగంలో, చదువులో, సంగీత సాధనలో కూడా మనకు ఇదే ఇబ్బంది. కాకపోతే అక్కడ అంచనా తప్పిందని తెలియడానికి ఏడాది పడుతుంది, ఒక్కోసారి జీవితమే పడుతుంది. కండరం దగ్గర మాత్రం ఇప్పుడు నిమిషంలో తేలిపోతుంది. అందుకే కండర శ్రమను కొలిచే పరికరాలంటే నాకు గౌరవం. సరిగ్గా వాడుకుంటే అవి కండతోపాటు మన ఆత్మపరిశీలనను కూడా పదును పెడతాయి. సరిగ్గా వాడుకోవడమంటే, ముందు మన అంచనా మనం చెప్పి, ఆ తర్వాతే అంకె చూడటం.

చర్మం మీద దొరికే సంకేతం

మెదడు ఇచ్చిన ఆజ్ఞ వెన్నుపాము మీదుగా దిగి, నరం చివర కండరాన్ని తాకగానే, ఆ కండరపు పోగుల వెంట చిన్న విద్యుత్ తరంగం పరుగెడుతుంది. ఆ వెంటనే కండరం బిగుస్తుంది. ఈ తరంగం చర్మం దాకా వస్తుంది, కానీ చాలా బలహీనంగా. కొన్ని మిల్లీవోల్టులు మించదు, తరచుగా మైక్రోవోల్టుల్లోనే ఉంటుంది. చర్మానికి అంటించిన రెండు చిన్న ఎలక్ట్రోడ్ల మధ్య తేడాను పట్టుకుని, దాన్ని పెద్దది చేసి తెర మీద చూపించే పద్ధతే సర్ఫేస్ ఈఎంజీ. మనిషి తన ఇష్టంతో కండరం బిగించినప్పుడు పుట్టే విద్యుత్తును జర్మనీ శాస్త్రవేత్త ఎమిల్ డు బోయ్-రేమండ్ 1849లోనే నమోదు చేశాడు. ఆనాడు ప్రయోగశాల గడప దాటని ఆ పనిని ఇవాళ నిక్కరులో కుట్టిన సెన్సర్లు చేస్తున్నాయి. ఫిన్లండ్ కంపెనీ మయోంటెక్ తయారుచేసిన నిక్కరు వేసుకుని పరుగెడితే తొడ ముందు కండరాలు ఎంత పనిచేస్తున్నాయో, వెనక కండరాలు ఎంత పనిచేస్తున్నాయో, ఎడమకూ కుడికీ తేడా ఎంతో విడివిడిగా కనిపిస్తుంది. మన దేశంలో అప్‌సైడ్ డౌన్ ల్యాబ్స్ విద్యార్థుల కోసం చేస్తున్న బయోఆంప్ బోర్డును ఆర్డినో అనే చిన్న కంప్యూటర్ బోర్డుకు తగిలిస్తే ఇంజనీరింగ్ కుర్రాడు హాస్టల్ గదిలోనే తన బైసెప్స్ సంకేతాన్ని చూసుకోవచ్చు. ఎలక్ట్రోడ్లు ఒంటి మీద ఉన్నంతసేపూ లాప్‌టాప్ ఛార్జర్ ఊడదీసి బ్యాటరీ మీదే నడపాలి. అది ముందుగా ప్రాణ భద్రత కోసం. గోడలోని 50 హెర్ట్జ్ కరెంటు గోల సంకేతంలో తగ్గడం అదనపు లాభం.

ఒంట్లోకి కరెంటు పంపి కండరాలను బిగించే ఈఎంఎస్ సూట్లు వేరు, ఇవి వేరు. ఈఎంజీ వింటుంది, ఏమీ పంపదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు ఆ ఈఎంఎస్ సూట్ల జోలికి పోకూడదు.

చేతి గడియారం సంగతి కూడా చెప్పుకోవాలి, ఇప్పుడు చాలామందికి ఉన్నది అదే కాబట్టి. వాచ్ అడుగున వెలిగే ఆకుపచ్చ కాంతి మణికట్టులో రక్తం పోటెత్తే తీరును చూసి గుండె వేగం లెక్కగడుతుంది. అది గుండె పడే శ్రమ. ఫలానా కండరం పడే శ్రమ కాదు. పైగా వాచ్ చూపే క్యాలరీలను నమ్మి పూతరేకులు ఇంకో రెండు లాగించేవాళ్లున్నారు. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 60 మందికి ఏడు రకాల పరికరాలు తొడిగి పరీక్షించారు. గుండె వేగాన్ని ఆరు పరికరాలు 5 శాతం లోపు తేడాతో చెప్పగలిగాయి. క్యాలరీల దగ్గరకు వచ్చేసరికి అన్నిటికంటే నయమైన పరికరమే సగటున 27 శాతం తప్పు చెప్పింది. అన్నిటికంటే అధ్వానమైనది 93 శాతం. వాచ్‌ను గుండె వేగం వరకు నమ్మండి, క్యాలరీల గడిని తెర మీంచి తీసేయండి.

ఇవి కాక, బార్‌కు తగిలించి అది లేచే వేగాన్ని కొలిచే సెన్సర్లున్నాయి. కండరంలోకి కాంతి పంపి అక్కడి ఆక్సిజన్ ఎంత తగ్గుతోందో చూసేవీ ఉన్నాయి. సామాన్య సాధకుడికి నా ఓటు వేగం కొలిచేదానికే. అలసిపోయిన కండరం నోటితో అబద్ధమాడించగలదేమో కానీ బార్ వేగాన్ని దాచలేదు.

రెండు గడుల నోటుపుస్తకం

స్వీడన్ మనస్తత్వవేత్త గున్నార్ బోర్గ్ మనిషి తన శ్రమను తానే అంకెలో చెప్పుకోవడానికి 6 నుంచి 20 దాకా ఒక కొలమానం తయారుచేశాడు. 6 అంటే ఊరికే కూర్చున్నట్టు, 20 అంటే ఇక ప్రాణం పోతుందన్నంత. 6 దగ్గర ఎందుకు మొదలుపెట్టాడంటే, చెప్పిన అంకెను పదితో గుణిస్తే ఆరోగ్యంగా ఉన్న యువకుడి గుండె వేగానికి ఇంచుమించుగా సరిపోవాలని. బరువులెత్తేవాళ్లు దీన్ని పదికి కుదించుకుని ఇంకో రకంగా వాడుకుంటున్నారు. 10 అంటే ఇంకొక్క రెప్ కూడా రాదు. 9 అంటే ఇంకొకటి వస్తుంది. 8 అంటే ఇంకో రెండు.

మీరు చేయవలసింది ఇది. సెట్ ముగియగానే తెర వైపు చూడకుండా మీ అంకె రాయండి. ఆ తర్వాత సెన్సర్ చెప్పేది పక్క గడిలో రాయండి. మొదటి రెప్‌లోనూ చివరి రెప్‌లోనూ బార్ వేగం దాదాపు ఒకేలా ఉంటే, మీరు రాసిన 9 నిజం కాదు. ఇంకా చాలా మిగిలింది. వేగం సగానికి పడిపోయినా మీరు 6 అని రాశారంటే ఎదురు తప్పు చేస్తున్నారు, రేపు దెబ్బ తగిలేది మీకే. ఈఎంజీ ఉంటే అలసట ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. బరువు మారకపోయినా రెప్స్ గడిచేకొద్దీ సంకేతం ఎత్తు పెరుగుతుంది, ఎందుకంటే అలసిన పోగులకు సాయంగా మెదడు కొత్త పోగులను దింపుతోంది. ముందు పోగుల చిన్న దళాలు, అవి చాలకపోతే పెద్దవి. పెద్ద దళాన్ని అవసరం పడేదాకా శరీరం బయటికి తీయదు. అదే సమయంలో సంకేతంలోని కంపనాల వేగం నెమ్మదిస్తుంది. ఎత్తు పెరిగి వేగం తగ్గిందంటే కండరం నిజంగానే అలసిందన్నమాట.

మొదటి వారం రెండు గడులకూ పొంతన ఉండదు. ఉండకపోవడమే సహజం. ఆ తేడాను చూసి సిగ్గుపడాల్సింది లేదు, దాచుకోవాల్సింది అంతకన్నా లేదు. తగ్గించుకోవలసింది ఆ తేడానే. ముందు మన అంకె చెప్పాలనే ఈ నియమం వెయిట్‌లిఫ్టింగ్‌లో ఆటలోనే ఉంది. వేదిక ఎక్కకముందే ఎత్తబోయే బరువు ప్రకటించాలి. ఆమదాలవలస నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. స్వర్ణం, రజతం అందుకున్న ఇద్దరివీ 242.5 కిలోలే. ఆ పోటీ రెండున్నర కిలోల తేడా మీద నడిచింది. ఇవాళ నా ఒళ్లు ఎంత ఇవ్వగలదు అన్న ప్రశ్నకు అంత సూక్ష్మంగా జవాబు చెప్పుకోగలగడం కూడా అక్కడ బలంలో భాగమే.

ఈ పద్ధతి ఎందుకు పనిచేస్తుందో చెప్పడానికి నాకు చాలా ఇష్టమైన ప్రయోగం ఒకటుంది. జాన్ బస్మాజియన్ అని కెనడాలో శరీర నిర్మాణ శాస్త్రవేత్త ఉండేవాడు. 1960లలో ఆయన మనుషుల బొటనవేలి కండరంలోకి వెంట్రుకంత సన్నని తీగ ఎలక్ట్రోడ్లు దించి, అక్కడి సంకేతాన్ని వాళ్లకే తెర మీద చూపించాడు, లౌడ్‌స్పీకర్‌లో వినిపించాడు. వెన్నుపాములోని ఒక్క నాడీకణం, అది నడిపించే పోగులు కలిపి ఒక మోటార్ యూనిట్. అలాంటివి కండరంలో ఎన్నో ఉంటాయి. వాటిలో ఒక్కదాన్నే, కేవలం ఒక్కదాన్నే పలికించమన్నాడు. జనం పలికించారు! అదీ కొద్దిసేపటి సాధనతోనే. కొందరు దానితో డప్పు దరువుల్లాంటి లయలు వాయించారు. అంతకన్నా గొప్ప సంగతి, తెర ఆపేసి, శబ్దం ఆపేసిన తర్వాత కూడా కొందరు ఆ యూనిట్‌ను పలికించగలిగారు. అంతవరకూ ఉందని కూడా తెలియని తమ లోపలి భాగాన్ని, కొంచెంసేపు చూపిస్తే చాలు, మనిషి తన అదుపులోకి తెచ్చుకున్నాడు.

పరికరం అవసరం అక్కడివరకే. అమ్మ చెయ్యి కొలత లేకుండా ఉప్పు సరిగ్గా వేస్తుందంటే, అది ఏళ్ల తరబడి వేసి, రుచి చూసి, దిద్దుకున్న చెయ్యి. మీ నోటుపుస్తకంలో రెండు గడులూ దగ్గరికొచ్చాక సెన్సర్‌ను వారానికొక్కసారి, ఆ తర్వాత నెలకొక్కసారి సరిచూసుకోవడానికే వాడండి. రోజూ వాడకపోతే వ్యాయామం చేసినట్టే అనిపించడం లేదంటే, మీ అంచనా శక్తిని పరికరానికి అప్పగించేశారని అర్థం.

ఆపరేషన్ తర్వాత ఈ కొలత విలువ ఇంకా బాగా తెలుస్తుంది. మోకీలు మార్పిడి చేయించుకున్న పెద్దవాళ్లు చాలామంది "కాలు బిగించండి" అని ఫిజియోథెరపిస్టు అంటే అయోమయంగా చూస్తారు. తొడ కండరం అక్కడే ఉంది, నరం బాగానే ఉంది. అయినా వాచిన కీలు నుంచి వచ్చే సంకేతాల వల్ల వెన్నుపాము ఆ కండరానికి ఆజ్ఞ సరిగా పోనివ్వదు. ఇంట్లోవాళ్లు దాన్ని మొండితనం అనుకుని విసుక్కుంటారు, పెద్దాయనేమో తన పని అయిపోయిందనుకుంటాడు. ఇద్దరిదీ పొరపాటే. తొడకు ఎలక్ట్రోడ్లు అంటించి, బిగించినప్పుడల్లా తెర మీద గీత లేచేలా పెడితే, మొదటిసారి ఆయనకు తన ప్రయత్నం కళ్లకు కనిపిస్తుంది. గీత ఇవాళ ఇంత లేచింది, రేపు ఇంకాస్త లేవాలి. అదిగో, అక్కడి నుంచి ఆయన రోగి కాదు, సాధకుడు. మీ ఇంట్లో ఎవరైనా ఆ దశలో ఉంటే ఈఎంజీ బయోఫీడ్‌బ్యాక్ అందుబాటులో ఉందా అని ఫిజియోథెరపిస్టును అడగండి. మొహమాటపడకండి.

అంకె చెప్పనివి

మీ బైసెప్స్ అంకెను స్నేహితుడి అంకెతో పోల్చకండి. చర్మం కింద కొవ్వు పొర మందమైతే సంకేతం పలచబడుతుంది. ఎలక్ట్రోడ్ కాస్త పక్కకు జరిగినా పక్క కండరం గొంతు కలుస్తుంది. ఒకే మనిషికి సోమవారం అంకె, గురువారం అంకె కూడా నేరుగా పోల్చదగ్గవి కావు. అందుకే తెలిసినవాళ్లు ముందు ఒళ్లు వేడెక్కించి, ఆ కండరాన్ని ఉన్న బలమంతా పెట్టి కొన్ని సెకన్లు బిగిస్తారు. ఆ రోజుకు అదే నూరు. మిగతాదంతా దానిలో ఎంత శాతం అనే లెక్క. చర్మాన్ని స్పిరిట్‌తో తుడిచి, వెంట్రుకలుంటే గీసేసి, కండరం ఉబ్బెత్తుగా ఉన్నచోట పోగుల దిశలోనే రెండు ఎలక్ట్రోడ్లను 2 సెంటీమీటర్ల దూరంలో అంటించాలి. మూడోదాన్ని దగ్గర్లోని ఎముక మీద. రేపు కూడా అదే చోటు దొరకాలంటే పెన్నుతో గుర్తు పెట్టుకోండి. ఈ పోలిక నియమం మనుషులందరికీ వర్తిస్తుందని నా నమ్మకం: ఎవరి నూరు వాళ్లది.

అంకె పెద్దదైతే కండ ఎక్కువ పెరుగుతుందనీ అనుకోకండి. తేలికైన బరువును ఇక లేవదనే దగ్గరిదాకా ఎత్తినప్పుడు ఈఎంజీ ఎత్తు పెద్ద బరువులో కనిపించినంత ఉండదు, అయినా కండ పెరుగుదల ఇంచుమించు సమానంగానే వస్తుందని పరిశోధనలు మళ్లీ మళ్లీ చూపించాయి. తెర మీద గీతను ఇంకా పైకి లేపాలన్న ఉబలాటంతో భంగిమ వంకరచేసుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది. పరీక్షలో మార్కుల కోసం పాఠం వదిలేసినట్టు కాదా అది?

కండరం మీద మనసు పెట్టడం గురించి కూడా ఒక స్పష్టత కావాలి. బెంచ్ ప్రెస్ చేస్తూ ఛాతీ కండరాన్నే తలుచుకుంటే దాని ఈఎంజీ పెరుగుతుందని 18 మందిపై చేసిన ఒక ప్రయోగంలో తేలింది. అయితే అది గరిష్ఠ బరువులో 60 శాతం దాకానే. 80 శాతం దగ్గర తలుచుకున్నా, తలుచుకోకపోయినా తేడా కనిపించలేదు. అక్కడ బరువే కండరాన్ని గట్టిగా లేపేసి ఉండాలి. కాబట్టి నేర్చుకునే రోజుల్లో, తేలిక బరువులతో, మనసు లోపలికి. పోటీలో, పెద్ద బరువు కింద, షటిల్ కోర్టులో స్మాష్ కొట్టేటప్పుడు మనసు బయటికి, లక్ష్యం మీదికి.

మొదటి నెలలో టేపు పెట్టి భుజం కొలిచి నిరాశపడేవాళ్లకు ఒక మాట. మొదటి కొన్ని వారాల్లో పెరిగే బలంలో పెద్ద వాటా నాడీవ్యవస్థది. ఉన్న పోగులనే మెదడు ఇంకా బాగా పిలవడం నేర్చుకుంటుంది. మొరితానీ, డెవ్రీస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1979లో ఈఎంజీ సాయంతోనే దీన్ని చూపించారు. టేపుకు కనిపించని ప్రగతి ఈఎంజీకి కనిపిస్తుంది. అందుకని మూడో వారంలో జిమ్ మానేయకండి.

అన్నిటికంటే ముఖ్యం, కీలు నొప్పి సెన్సర్‌కు తెలియదు. ఛాతీలో బరువు, కళ్లు తిరగడం తెలియవు. చాలాకాలం మానేసి ఒక్కరోజే విపరీతంగా చేసిన తర్వాత కండరాలు బిగుసుకుపోయి, మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే, అది ఒళ్లు నొప్పి కాదు. చితికిన కండరాల పదార్థం మూత్రపిండాల మీద పడుతోంది. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అంకె ఏం చెప్పినా సరే.

అరవై దాటినవాళ్లకు ఇంత హంగు అక్కర్లేదు. పిడికిలి బలం కొలిచే డైనమోమీటర్ ఒక్కటి చాలు. మన దేశం సహా 17 దేశాల్లో సుమారు లక్షా నలభై వేల మందిని పరిశీలించి 2015లో లాన్సెట్‌లో ప్రచురించిన అధ్యయనంలో, పిడికిలి బలం 5 కిలోలు తగ్గినచోట మరణాల ముప్పు 16 శాతం ఎక్కువగా కనిపించింది. పిడికిలి బిగించినంత మాత్రాన ఆయుష్షు పెరగదు. ఒంట్లో మొత్తం బలం ఎటు పోతోందో చెప్పే గుర్తు అది. మూడు నెలలకోసారి అమ్మానాన్నల చేత నొక్కించి గోడ మీది క్యాలెండర్లో రాయండి. నొక్కే ముందు "ఎంత వస్తుందనుకుంటున్నావు నాన్నా?" అని అడగండి. వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లందరికీ చెబుతోంది. నడకకు వెళుతున్నాం కదా అని చాలామంది దీన్ని వదిలేస్తున్నారు.

జిమ్ యజమానులకు, కాలేజీ వ్యాయామ అధ్యాపకులకు నాదొక విన్నపం. ఇంకో అద్దం, ఇంకో పెద్ద స్పీకరు కొనే బదులు బార్ వేగం చూపే సెన్సర్ ఒకటి కొని అందరికీ అందుబాటులో పెట్టండి. పక్కన ఒక నోటుపుస్తకం ఉంచండి. కొత్తగా వచ్చే కుర్రవాళ్లకు బరువు పెంచడం కంటే ముందు రెండు గడులు నింపడం నేర్పండి.

ఇక పాఠకులు సెన్సర్ కోసం ఆగనవసరం లేదు. రేపు పొద్దున దండీలు, బస్కీలతోనే మొదలుపెట్టండి. ఎన్ని చేయగలరో మొదలుపెట్టకముందే రాసుకోండి. వారానికొకరోజు పక్కన ఒక మనిషిని లెక్కపెట్టమని, ఇక రాదనేదాకా చేసి, రాసినదానితో సరిచూసుకోండి. గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్లు డాక్టరును అడిగాకే ఆ వారపు పరీక్ష పెట్టుకోవాలి.